ఆ పటం ఎందులో గీయాలో తేల్చాల్సింది మీరే
తెలుగు ప్రచురణకర్తలకు, సంపాదకులకు బహిరంగ లేఖ





“మ్యాప్ పెట్టాలనుకుంటే ఏదో ఒక ఆన్‌లైన్ టూల్‌లో చేసి జేపీజీ పంపించండి. పేర్లు ఇంగ్లీషులో ఉన్నా ఇబ్బంది లేదు.” ఫాంటసీ నవల రాసి పంపిన రచయితలకు మీలో కొందరి దగ్గర నుంచి వెళ్తున్న జవాబు ఇది. నాకూ వచ్చింది. నేను పటాలు గీసిచ్చిన మరికొందరు రచయితలకూ వచ్చింది. మాటలు అటూ ఇటూ అయినా సారం ఒకటే: పటం రచయిత సరదా, దాన్ని ఎందులో గీస్తారో మాకు అనవసరం, ప్రెస్సుకి ఇవ్వడానికి ఒక బొమ్మ చేతికొస్తే చాలు. ఈ ధోరణిని నేను ఒప్పుకోలేను. ఎందుకు ఒప్పుకోలేనో మీకే నేరుగా, పాఠకులందరి ఎదుటా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పుస్తకానికి ఏ కాగితం వాడాలో మీరు రచయితకు వదిలేయరు. ఏ ఫాంటులో కూర్చాలి, పేరాకి పేరాకి మధ్య ఎంత ఎడం ఉండాలి, ఏ ప్రెస్సుకి ఇవ్వాలి, అన్నీ మీ నిర్ణయాలే. ఒక్క అచ్చుతప్పు దొర్లినా పాఠకుడు మిమ్మల్నే అడుగుతాడని మీకు తెలుసు. మరి అదే పుస్తకంలో, కథ చదువుతున్నంతసేపూ పాఠకుడు మాటిమాటికీ వెనక్కి తిప్పి చూసుకునే పేజీని ఎందుకు గాలికొదిలేస్తున్నారు? ఆ పేజీ మీద ఉన్న అక్షరాలు మాత్రం అక్షరాలు కావా? వాటికి ప్రూఫు ఎవరు దిద్దాలి?

కల్పిత లోకాలు మన పాఠకులకు కొత్తేమీ కాదు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు చందమామలో రాసిన సీరియళ్ల పేర్లు ఒకసారి గుర్తు చేసుకోండి. కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం. ప్రతి పేరూ ఒక చోటే. ఆ సీరియళ్లకు చిత్రా గారు వేసిన బొమ్మలు చూస్తూ ఆ లోయ ఏ దిక్కున ఉందో, ఆ కొండకీ కోటకీ మధ్య ఎన్ని అడవులున్నాయో పిల్లలు తమ తలలోనే గీసుకున్నారు. అంతకు ముందే మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలూ ఒకే దారి పొడవునా నడిచాయి, మజిలీకో కథ చెప్పుకుంటూ. ఇంతటి ఊహ ఉన్న సాహిత్యానికి వారసులుగా ఇవాళ కొందరు యువకులు పెద్ద పెద్ద నవలలు రాస్తున్నారు. ఏడు రాజ్యాలు, మూడు సముద్రాలు, నాలుగు తరాల యుద్ధాలు. వాళ్లు పటం కావాలంటున్నది అలంకారానికి కాదు. అది లేకపోతే సేన ఎటునుంచి ఎటు వెళ్లిందో పాఠకుడికి అంతుపట్టదు కాబట్టి.

పటం విషయంలో ప్రచురణకర్త బాధ్యత ఎంతటిదో స్టీవెన్సన్‌ని అడగాలి. 1881 వేసవిలో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో ఆయన ఒక దీవి పటం గీసి రంగులు వేశాడు. ‘ట్రెజర్ ఐలాండ్’ ఆ పటంలోంచే పుట్టిందని తర్వాత ఆయనే రాసుకున్నాడు. 1883లో పుస్తకంగా తెచ్చేటప్పుడు ఆయన పంపిన పటం ప్రచురణకర్తల చేతికి అందలేదు. అప్పటికే రాసేసిన కథంతా మళ్లీ చదివి, అందులోని గుర్తులన్నీ ఏరి, వాటికి సరిపోయేలా తండ్రి కార్యాలయంలో ఇంకో పటం తయారు చేయించాల్సి వచ్చింది. ఆ రెండోది తనకెప్పుడూ ట్రెజర్ ఐలాండ్ అనిపించలేదని ఆయన బాధపడ్డాడు. ఇంకోవైపు, 1954లో ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదటి భాగం తెచ్చిన ఆలెన్ అండ్ అన్విన్ వాళ్లు, ఆ పుస్తకం మీద వెయ్యి పౌండ్ల దాకా నష్టం రావచ్చని ముందే అనుకున్నారు. అనుకుని కూడా, రచయిత టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్ గీసిన పటాన్ని మడత విప్పి చూసే పెద్ద కాగితం మీద, నలుపు ఎరుపు రెండు రంగుల్లో అచ్చు వేశారు. ఆ పుస్తకం నిలబడిందంటే అందులో ఆ కాగితం పాత్ర కూడా ఉందని నేను నమ్ముతాను.

ఇప్పుడు మన దగ్గర జరుగుతున్నది చెబుతాను. ఈ మధ్య ఒక పిల్లల నవల ప్రూఫు చూశాను. రచయిత ఎవరో, సంస్థ ఏదో చెప్పను. మొదటి అధ్యాయానికి ఎదురుగా పటం. తీరం అందంగా వచ్చింది, కొండల నీడలు కూడా బాగా పడ్డాయి. సముద్రం మధ్యలో స్ఫటికద్వీపం అన్న పేరు ఉండాలి. అక్కడ కనిపించింది ఇది: స తన తలకట్టుతోనే నిలబడింది, పొల్లు దాని మీదికి సగం ఎక్కి సగం పక్కకి జారింది. ఫ వత్తుగా కిందికి దిగాల్సింది పోయి, పూర్తి అక్షరమై పక్కన కూర్చుంది. ట మీద గుడి అతకలేదు, పక్కకి జారి పడింది. ద కింద వ వత్తే లేదు. పదేళ్ల పిల్ల ఆ పేరు ఎలా చదవాలి? అధ్యాయంలో చక్కగా అచ్చయిన స్ఫటికద్వీపమూ ఇదీ ఒకటేనని ఎలా పోల్చుకోవాలి? రచయిత రాసిందాంట్లో తప్పు లేదు, టైపు చేసిందీ సరిగ్గానే ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు కూర్చడం రాదు. ఆ సంగతి కనిపెట్టాల్సిన మనిషి మీ కార్యాలయంలో ఎవరూ లేరు.

ఇది ఎందుకు జరుగుతుందో మీ డీటీపీ వాళ్లకు తెలిసే ఉంటుంది, కానీ నిర్ణయాలు తీసుకునే మీకూ తెలియాలి. యూనికోడ్‌లో స, పొల్లు, ఫ మూడు వేర్వేరు సంకేతాలు. అవి పక్కపక్కన వస్తే స కింద ఫ వత్తు పెట్టాలన్న నియమం ఫాంటులో ఉంటుంది. ఆ నియమాన్ని చదివి అమలుచేసే యంత్రాంగం సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. మనం వాడే బ్రౌజర్లలో ఆ పనిని హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలు ఏళ్లుగా చేస్తున్నాయి. ఫాంటసీ మ్యాపుల సాఫ్ట్‌వేర్ల సంగతి వేరు. వాటిలో కొన్ని ఒకరిద్దరు మనుషులు కట్టినవి, కొన్ని గేమ్ ఇంజిన్ల మీద కట్టినవి. వండర్‌డ్రాఫ్ట్‌నే తీసుకోండి. తీరరేఖలు, అడవులు గీయడానికి అంత సుఖమైన సాఫ్ట్‌వేర్ అరుదు. ఒకసారి కొనుక్కుంటే చాలు, నెలనెలా కట్టనక్కర్లేదు. అది గోడో అనే గేమ్ ఇంజిన్ మీద కట్టింది. తెలుగు లాంటి లిపులను సరిగ్గా కూర్చే శక్తి ఆ ఇంజిన్‌కి 2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌తో గానీ రాలేదు. అంతకు ముందు వెర్షన్ మీద కట్టిన ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెలుగు పేరు పెడితే ఒత్తులు విడిపోవాల్సిందే.

ఇంకో చిక్కు ఉంది. పటాల్లో సముద్రాల పేర్లు, కొండల వరుసల పేర్లు వంపుగా రాస్తారు. పేరును తిన్నగా రాసినప్పుడు తెలుగు సరిగ్గానే చూపించే కొన్ని సాఫ్ట్‌వేర్లు కూడా, వంపు మీద పెట్టగానే ఒక్కో సంకేతాన్ని విడదీసి పేరుస్తాయి. ఇంగ్లీషుకి అది చాలు. మనకు చాలదు. అందుకని “తెలుగు వస్తుందా?” అని ఒక్క మాట అడిగి, “వస్తుంది” అంటే సంతృప్తి పడకూడదు. వంపు మీద పెట్టి, అక్షరాల మధ్య ఎడం పెంచి, నేల రంగు నుంచి పేరు విడిగా కనిపించడానికి చుట్టూ తెల్లటి అంచు వేసి చూడాలి. యక్షపర్వతం, జ్వాలాద్వీపం, స్త్రీరాజ్యం. ఈ మూడు పేర్లు చాలు పరీక్షకు. స్త్రీ అన్న అక్షరంలో రెండు వత్తులున్నాయి, పైన గుడి దీర్ఘం ఉంది. అది నిలబడితే మిగతావీ నిలబడతాయి.

మీలో కొందరు దీనికి అడ్డదారి కనిపెట్టారు. “పేర్లు అనులో కొట్టండి, వస్తాయి” అంటున్నారు. నిజమే, వస్తాయి. అను ఫాంట్లలో అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి కాబట్టి, సాఫ్ట్‌వేర్ వాటిని ఇంగ్లీషే అనుకుని వరుసగా పేర్చేస్తుంది, కంటికి తెలుగులా కనిపిస్తుంది. పేజ్‌మేకర్‌లో దశాబ్దాలుగా మనం పుస్తకాలు కూర్చింది ఇలాగే, ఆ పని చేసిన ఆపరేటర్ల నైపుణ్యం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఆ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. ఇవాళ నవల యూనికోడ్‌లో ఉంటుంది, ఈ-బుక్కు వస్తుంది, ఆడియో వస్తుంది, రేపు కన్నడంలోకో తమిళంలోకో వెళ్తుంది. అనులో కొట్టిన పేరు కంప్యూటర్‌కి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. వెతికితే దొరకదు. చూపులేని పాఠకుడికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని పలకలేదు. కొత్తగా మొదలుపెడుతున్న పనిని కూడా పాత ఇరుకులోకే తోయడం దేనికి?

ఇక “పేర్లు ఇంగ్లీషులో ఉన్నా ఇబ్బంది లేదు” అన్న మాట. ఇబ్బంది ఎవరికి లేదు? మీకు లేదు. పాఠకుడికి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తకీ టకీ, దకీ డకీ, లకీ ళకీ, నకీ ణకీ తేడా ఉండదు. హ్రస్వమో దీర్ఘమో తెలియదు. కడలి కాస్తా కదలి అవుతుంది, కదళి కూడా అవుతుంది. రచయిత నెలల తరబడి ఆలోచించి పెట్టుకున్న ఊరి పేరు పటంలో ఇంకో ఊరైపోతుంది. “అమెరికాలో మన పిల్లలకు ఇంగ్లీషయితేనే తేలిక” అని కొందరు అంటున్నారు. తెలుగు బడికి వెళ్లి, కూడబలుక్కుంటూ ఒక తెలుగు నవల చేతిలోకి తీసుకున్న పిల్లకు మీరిచ్చే బహుమతి ఇదా? ఆ పిల్ల చదివిన పేరే పటంలో కనబడినప్పుడు కదా ఆ అక్షరాలు మనసులో నాటుకునేది!

చట్టం సంగతి ఇంకా ముఖ్యం. దీని గురించి మీలో ఎవరూ రచయితలను హెచ్చరించిన దాఖలా నాకు కనబడలేదు. “ఏదో ఒక ఆన్‌లైన్ టూల్” అంటే చాలామంది వెళ్లేది ఇంకార్నేట్ దగ్గరికి. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, నేర్చుకోవడం తేలిక, బొమ్మలు ముచ్చటగా ఉంటాయి. దాని ఉచిత వెర్షన్‌లో చేసిన పటాన్ని వ్యాపారానికి వాడకూడదు, అందుకు చందా కట్టే వెర్షన్ ఉండాలి. వెల వేసి అమ్మే పుస్తకం వ్యాపారమే. రచయిత ఉచిత వెర్షన్‌లో చేసి పంపితే, మీరు అడగకుండానే అచ్చు వేస్తే, ఆ తప్పు ఎవరి నెత్తిన పడుతుంది? పుస్తకంలో కాపీరైటు పేజీ మీద మీ సంస్థ పేరు ఉంటుంది. ముఖచిత్రానికి ఫొటో వాడితే హక్కుల పత్రం అడుగుతారు. పటానికి ఎందుకు అడగరు? సాఫ్ట్‌వేర్‌లో వచ్చే చెట్లు, కోటలు, ఓడల బొమ్మలు కూడా ఎవరో గీసినవే, వాటికీ షరతులు ఉంటాయి. వాటిని చదవడం మీ పని. చదివి, అవసరమైన చందాను మీరే కట్టడం కూడా మీ పనే.

ఫైళ్ల విషయానికొస్తే నాకు ఇంకా బాధ కలుగుతుంది. జేపీజీ ఒక్కటే మీ దగ్గర ఉంటుంది. అసలు ఫైలు రచయిత లాప్‌టాప్‌లోనో, పరాయి దేశపు సర్వర్‌లో చందా అయిపోయిన ఖాతాలోనో ఉంటుంది. వండర్‌డ్రాఫ్ట్ ఫైలు వండర్‌డ్రాఫ్ట్‌లోనే తెరుచుకుంటుంది. 1993 నుంచి ఉన్న క్యాంపెయిన్ కార్టోగ్రాఫర్, ఇంజినీర్లు వాడే క్యాడ్ పద్ధతిలో పనిచేస్తుంది, కొలతలకు అది చాలా నమ్మకమైనది, కానీ దాని ఫైలు తెరవాలంటే విండోస్ ఉండాలి, నేర్చుకోవడానికి ఓపిక ఉండాలి. రెండో ముద్రణలో ఒక ఊరి పేరు దిద్దాలంటే ఏం చేస్తారు? రెండో భాగంలో దేశం సరిహద్దు మారితే? నవల కన్నడంలోకి వెళ్తే పటం మీద పేర్లు ఎలా మారుస్తారు? స్టీవెన్సన్ పటం దారిలో పోయింది. మన పటాలు పోకుండానే పోతున్నాయి, బొమ్మ మిగిలి పని పోతోంది.

ఇక కొలతలు. డెమ్మీ సైజు పుస్తకం పేజీ సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. 300 డీపీఐకి లెక్క వేస్తే 1650, 2550 పిక్సెళ్లు కావాలి. సన్నని గీతలకూ చిన్న అక్షరాలకూ అంతకు రెట్టింపు ఉంటేనే బాగుంటుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన జేపీజీ కుదించుకుపోయి వస్తుంది. దాన్నే సాగదీసి పేజీలో పెడుతున్నారు. పైగా సాఫ్ట్‌వేర్‌లో రంగుల్లో, పాత తోలు కాగితం నేపథ్యంతో గీసినది, లోపలి పేజీల్లో ఒకే నలుపులో అచ్చవుతుంది. ఆ తోలు రంగంతా బూడిదరంగు చుక్కలై అక్షరాల మీద పరుచుకుంటుంది. రెండు పేజీల పటంలో రాజధాని సరిగ్గా బైండింగ్ మడతలో పడిన పుస్తకం నా అలమరాలో ఉంది. పటం గీయకముందే “పుస్తకం ఈ సైజు, ఒకే రంగు, మధ్యలో అర అంగుళం వదలండి” అని మీరు ఒక్క వాక్యం రాసి ఉంటే ఇవేవీ జరిగేవి కావు.

ఇదంతా చెప్పి, మరి ఏం వాడమంటావని అడుగుతారు. అడగాలి కూడా. నా జవాబు స్పష్టంగానే ఉంది. నేల గీయడానికి రచయితకో చిత్రకారుడికో ఎందులో చేయి తిరిగితే అది వాడనివ్వండి: వండర్‌డ్రాఫ్ట్, చందా కట్టిన ఇంకార్నేట్, బొమ్మలు గీసే క్రీటా, లేదా కాగితం మీద ఇండియన్ ఇంకు. కానీ పేర్లు అందులో పెట్టనివ్వకండి. పేర్లు లేని పటాన్ని పెద్ద సైజు పీఎన్‌జీగా తీసుకోండి. దాన్ని ఇంక్‌స్కేప్‌లో అడుగు పొరగా పెట్టి, పేర్లన్నీ పై పొరలో యూనికోడ్‌లో రాయించండి. ఇంక్‌స్కేప్ ఉచితం, తెలుగు ఒత్తులు సరిగ్గా కూరుస్తుంది, వంపు మీద పేరు పెట్టినా అక్షరం చెదరదు. ఫైలు ఎస్‌వీజీ రూపంలో ఉంటుంది. అది ఎవరైనా తెరవగలిగే బహిరంగ ప్రమాణం, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ప్రెస్సుకి పంపేటప్పుడు అక్షరాలను గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి, అసలు ఎస్‌వీజీని నవల ఫైళ్లతో పాటు భద్రపరచండి. ఇన్‌డిజైన్‌లోనే పేర్లు పెట్టించాలనుకుంటే అదీ మంచిదే, వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకున్నారో లేదో మీ ఆపరేటర్‌తో ఒకసారి సరిచూసుకోండి. ఎంచుకోకపోతే అక్కడా ఒత్తులు విడిపోతాయి.

ఫాంట్లకు కొరత లేదు. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, పెద్దన, తిమ్మన, సూరన్న, ధూర్జటి లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి, పుస్తకాల్లో నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. ఇక్కడ సంపాదకుల ఆలోచన కావాలి. ఇంగ్లీషు పటాల్లో నదుల పేర్లు వాలు అక్షరాల్లో, దేశాల పేర్లు పెద్ద అక్షరాల్లో రాస్తారు. మనకు పెద్ద అక్షరాలు లేవు, వాలు అక్షరాలు నప్పవు. తెలుగు పటంలో నీటిని నేల నుంచి వేరు చేసేది ఫాంటే కావాలి. దేశానికి రామభద్ర బరువు, ఊరికి మండలి నిదానం, నదికి ఇంకేదైనా గుండ్రటి ఫాంటు. పైన గుడులకు, కింద వత్తులకు చోటు వదలాలి కాబట్టి మన పేరు ఇంగ్లీషు పేరు కన్నా ఎక్కువ ఎత్తు అడుగుతుంది. ఈ సంప్రదాయం ఇంకా ఏర్పడలేదు. ఏర్పరచే అవకాశం మీ తరానికి వచ్చింది. దాన్ని ఎందుకు వదులుకుంటున్నారు?

గుర్తుల సంగతీ అంతే. ఈ సాఫ్ట్‌వేర్లు తెరిస్తే కనిపించే లోకం మధ్యయుగాల యూరప్. దేవదారు అడవులు, మంచు శిఖరాలు, గుండ్రటి బురుజుల కోటలు. మన రచయిత కథలో తాటితోపు ఉంటుంది, కట్ట మీద మర్రిచెట్టున్న చెరువు ఉంటుంది, బండరాళ్లు పేర్చినట్టున్న బోడిగుట్ట ఉంటుంది, దిగుడుబావి ఉంటుంది, ఊరికి గుర్తు గాలిగోపురం. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులను తవ్విన నేల మీద పుట్టినవాడి పటంలో చెరువుకి గుర్తే లేకపోవడం నాకు మింగుడుపడదు. సాఫ్ట్‌వేర్‌లో లేనిదాన్ని రచయిత కథలోంచి కూడా తీసేస్తున్నాడు. ఇది నేను కళ్లారా చూశాను: తాటితోపు కాస్తా “అడవి” అయింది, చెరువు “సరస్సు” అయింది. టూల్ కథను దిద్దుతోంది. సంపాదకులుగా మీరు ఊరుకుంటారా?

అజ్‌గార్ ఫాంటసీ మ్యాప్ జనరేటర్ అని ఒకటుంది. ఉచితం, దాని కోడు ఎవరైనా చూడొచ్చు, బ్రౌజర్‌లో నడుస్తుంది కాబట్టి తెలుగు పేర్లు ఇస్తే చక్కగానే చూపిస్తుంది, ఎస్‌వీజీగా బయటికి తీసుకోవచ్చు కూడా. ఎత్తుపల్లాలను బట్టి నదులు తానే పారిస్తుంది. కొండ మీదికి ఎక్కే నదులు, నేల మధ్యలో రెండుగా చీలే నదులు గీసే కొత్తవాళ్లకు అది మంచి గురువు. నది చీలేది సాధారణంగా సముద్రం దగ్గరపడ్డాకే. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా విడిపోయినట్టు. ఊళ్లకు పేర్లు కూడా అదే పెడుతుంది, ఒక్కో సంస్కృతి ఊళ్ల జాబితాను ఆధారం చేసుకుని. ఆ జాబితాల్లో గ్రీకు ఉంది, జపనీస్ ఉంది, కర్ణాటక అని కూడా ఉంది. తెలుగు లేదు. ఎవరైనా తమ సొంత జాబితా చేర్చుకునే వీలు అందులోనే పెట్టారు. తెలుగు ఊళ్ల పేర్లు పోగుచేసి ఇవ్వడానికి ఒక కార్యాలయంలో ఒక మనిషికి ఎంత పని? మన ఊళ్ల పేర్లలో ఉన్న సంగీతం, పాడు, కుర్రు, మడుగు, కొండ, పల్లె అనే ఆ తోకలన్నీ, ప్రపంచంలో ఎక్కడో కూర్చుని కల్పిత లోకం గీసే మనిషికి కూడా అందాలని మీకు అనిపించదా?

ఈ మధ్య కొందరు కృత్రిమ మేధతో పటాలు చేయించి తెస్తున్నారు, మీలో కొందరు వాటిని అచ్చుకు పంపుతున్నారు. దూరం నుంచి చూస్తే అద్భుతం. దగ్గరికి వెళ్తే ఊళ్ల పేర్ల చోట తరచూ అక్షరాల్లాంటి గీతలుంటాయి, కథలో తూర్పున ఉన్న కోట పటంలో పడమట ఉంటుంది. పటం కథకు సాక్ష్యం. సాక్ష్యం తప్పు చెబితే పాఠకుడు రచయితను నమ్మడం మానేస్తాడు. దీని గురించి ఇంతకు మించి చెప్పను.

ఖర్చు అంటారు. తెలుగు పుస్తకాల అమ్మకాలు ఎలా ఉన్నాయో నాకు తెలుసు, మీ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ నేను అడిగిన వాటిలో డబ్బు తక్కువ, శ్రద్ధ ఎక్కువ. ఇంక్‌స్కేప్ ఉచితం, ఫాంట్లు ఉచితం. ఒక ఆపరేటర్‌కి కొన్నాళ్ల శిక్షణ, ఒక చిత్రకారుడికి న్యాయమైన పారితోషికం, అవసరమైతే ఒక సాఫ్ట్‌వేర్ చందా. ఇవి రచయిత జేబులోంచి పోవాలనడం మాత్రం న్యాయం కాదు. ఇప్పుడు జరుగుతున్నది అదే.

ఇంకో పని మీరు మాత్రమే చేయగలరు. ఒక రచయిత ఒక విదేశీ సాఫ్ట్‌వేర్ తయారీదారుకి “తెలుగు సరిగ్గా రావడం లేదు” అని రాస్తే అది ఒక్క గొంతు. మీరు పదిమంది కలిసి, ఏ పదం ఎలా చెదురుతోందో బొమ్మలతో సహా చూపించి, సరిచేస్తే మా రచయితలందరికీ ఇదే సిఫారసు చేస్తామని రాస్తే అది మార్కెట్టు. దేవనాగరి వాళ్లకూ, తమిళం, కన్నడం, మలయాళం వాళ్లకూ ఇదే బాధ ఉంది, వాళ్లను కూడా కలుపుకోండి. అలాంటి ఉత్తరం మీ సంఘాల నుంచి ఇంతవరకు ఒక్కటైనా వెళ్లిందా?

కాబట్టి నేను అడుగుతున్నది ఇది. నవలను ఒప్పుకున్న రోజే పటం గురించి రచయితతో కూర్చోండి. పుస్తకం సైజు, రంగు, ఫాంటు, సాఫ్ట్‌వేర్ అప్పుడే తేల్చండి. ఒప్పందంలో పటానికి ఒక పేరా పెట్టండి: హక్కులు ఎవరివి, అసలు ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది, చందా ఎవరు కట్టాలి. పటం గీసినవాళ్ల పేరు లోపలి పేజీలో అచ్చు వేయండి. అధ్యాయాలకు ప్రూఫు దిద్దే మనిషే పటానికీ దిద్దాలి, పేరు పేరునా కథతో సరిచూసుకుంటూ.

గుర్తుల విషయంలో నేను మాటలతో ఆగను. తాటిచెట్టు, చెరువు, బోడిగుట్ట, గాలిగోపురం, దిగుడుబావి, రచ్చబండ, పుట్టి, తెప్ప, ఇవన్నీ నలుపు గీతల్లో, ఎస్‌వీజీగా గీస్తున్నాను. పూర్తయినవాటిని ఎవరైనా ఏ పుస్తకంలోనైనా ఉచితంగా వాడుకునేలా ఇస్తాను. మీలో ఏ సంస్థ ముందుకొచ్చినా, మీ చిత్రకారుల చేత ఇంకొన్ని గీయించి ఇదే షరతు మీద కలపండి. రాయలసీమ గుట్ట నాకు బాగా వచ్చు. కోనసీమ కాలువలు, ఉత్తరాంధ్ర కొండవాలు గీసేవాళ్లు కావాలి.

ఇట్లు,
కల్పిత లోకాలకు పటాలు గీసే ఒక తెలుగు రచయిత